మూతల సారు గొప్పతనం

మూతల సారు పోయాడు. కోలారులో సంతాప సభ పెట్టి, ఫోటోకు దండ వేశారు. ఆయన మీద చిన్న పుస్తకం వేస్తున్నామని, ఆయన దగ్గర చాలాకాలం పనిచేసినవాణ్ని కాబట్టి నాలుగు మంచి మాటలు రాసిమ్మని నన్ను అడిగారు. ఎంత వెతికినా ఒకటే దొరికింది. దాన్ని ముందే చెప్పేస్తే నా బాధ్యత తీరిపోతుంది. ఆయన ఆలోచన మంచిదే.

ఊరగాయ సీసాకో జాము సీసాకో బిగించే రేకు మూతను తిప్పి చూడండి. లోపలి అంచున రబ్బరులాంటి మెత్తటి రింగు ఒకటి అతికించి ఉంటుంది. గాలి దూరకుండా ఆపేది అదే. సీసా ఖాళీ అయి మూత గుజరీ అంగడికి పోతే, ఆ రింగును ఎవరూ ఊడదీయలేరు. దాంతో సహా కరిగిస్తే కంపు, నల్లటి పొగ. అందుకని పాత సామాన్ల వాళ్లు ఇలాంటి మూతల్ని ఏరి అవతల పారేస్తారు. మా సారు రింగును అతికించకుండా, రేకులోనే ఒక గాడి నొక్కి, అందులో ఇరుక్కునేలా చేశాడు. పని అయిపోయాక గోటితో లాగితే ఊడి వస్తుంది. మిగిలేది ఒట్టి రేకు, కరిగించి మళ్లీ మూతలు చేసుకోవచ్చు. ఆ గాడిని కాగితం మీద గీసింది నేనే అయినా, గీయమన్నది ఆయనే. అక్కడిదాకా ఆయనకు దండం పెడతాను. మంచిమాట అయిపోయింది, ఇక మనిషి సంగతి.

కేజీఎఫ్‌లో బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక ఉద్యోగంలో చేరి, గనులు ఆగిపోయేదాకా డ్రాయింగు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్నవాడు ఆయన. ఆ తర్వాత కోలారులో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని రేకు మూతలు చేయడం మొదలుపెట్టాడు. ఎవరైనా పలకరిస్తే చాలు, "మేము తవ్విన బంగారం" అని మొదలుపెట్టేవాడు. గనిలోకి ఆయన దిగిందల్లా ఎవరో పెద్దమనిషి చూడటానికి వచ్చినప్పుడు, వెంట నిలబడటానికి. అప్పుడు తీసిన ఫోటో ఆఫీసు గోడకు వేలాడుతుండేది. అందులో ఆయన పెట్టుకున్న హెల్మెట్టు మీద ఒక్క గీత ఉండేది కాదు.

హోటల్లో కూర్చుంటే, ఇడ్లీ వచ్చేలోపల బల్లమీది సాసు సీసా మూత తీసి, గోటితో టంగున కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఏం వినిపించేదో ఆయనకే తెలియాలి. తలాడించి దాన్ని జేబులో వేసుకునేవాడు. సర్వరు వచ్చి మూతేదని అడిగితే, రీసర్చికి తీసుకున్నానని గంభీరంగా చెప్పేవాడు. పెళ్లికి పిలిస్తే వధూవరుల మీద అక్షింతలు వేయడానికన్నా ముందు వంటవాళ్ల దగ్గరికి పోయి, సీసాల మూతలు తిప్పి చూసి వచ్చేవాడు. ఇదంతా చూసి మొదట్లో నేను మురిసిపోయిన మాట నిజమే. ఇంత పిచ్చి ఉన్నవాడు ఎంత గొప్పవాడో అనుకున్నాను. పిచ్చి ఉన్నంత మాత్రాన గొప్పతనం ఉండనక్కర్లేదని తెలియడానికి కొంత టైము పట్టింది.

షెడ్డుకు ఎవరొచ్చినా ఒక నాటకం నడిచేది. సీసాకు మూత బిగించి చేతికిచ్చి, తీయమనేవాడు. అది రాకపోతే, చూసినారా ఎంత పట్టుందో అనేవాడు. సులభంగా వచ్చేస్తే, చూసినారా ఎంత సుళువో అనేవాడు. ఎటు పోయినా ఆయనే గెలిచేవాడు. నాకు తెలిసి ఆయన నోటి నుంచి "తెలీదు" అనే మాట రాలేదు. "మూత చావకూడదప్పా, మళ్లా పుట్టాల" అన్నది ఆయన మంత్రం. బ్యాంకు మేనేజరుకు చెప్పేవాడు, బస్సు కండక్టరుకు చెప్పేవాడు, షెడ్డు ముందు కట్టేసిన మేకకు కూడా చెప్పి ఉంటాడు.

ఇంకో అలవాటు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహం చూసేవాడు కాదు. వాళ్ల చేతిలో ఏముందో అది చూసేవాడు. అన్నేళ్లు ఆయన దగ్గర పనిచేశాను కదా, బజారులో ఎదురైతే నేను ఎవరినో చెప్పుకోవలసి వచ్చేది. డ్రాయింగు కాగితాల చుట్ట చేతిలో ఉంటేనే ఆయనకు నేను గుర్తొచ్చేవాణ్ని.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన చెయ్యి ఎప్పుడూ పక్కవాళ్ల క్యారియరులోనే ఉండేది. అలా ఒకరోజు నా గిన్నెలోని మామిడికాయ ఊరగాయ నాకి, ఎవరు పెట్టారని అడిగాడు. మా చిన్నమ్మ అన్నాను. మా అమ్మ చెల్లెలు. పలమనేరు పక్కనుంచి గని పనికి వచ్చిన కుటుంబంలో కోడలు. గనులు ఆగిపోయాక ఆమె ఉండే గని కూలీల ఇళ్ల లైన్లో మగవాళ్లంతా తెల్లవారుజామున బెంగళూరు ట్రైను ఎక్కి, అక్కడ వాచ్‌మన్లుగానో, కట్టుబడి పనుల్లోనో బతికి, పొద్దుపోయాక ఇల్లు చేరేవాళ్లు. కొన్నాళ్లకు ఆడవాళ్లు కూడా గార్మెంటు ఫ్యాక్టరీలకు ఆ ట్రైనే ఎక్కడం మొదలుపెట్టారు. చిన్నమ్మ అది చూడలేక, లైన్లోని ఆడవాళ్లను కూడగట్టి, వాడకుండా పడి ఉన్న పాత క్లబ్బు గదిలో ఊరగాయల పని పెట్టింది. కాయ శ్రీనివాసపురం తోటల నుంచి వచ్చేది. ఎందుకింత కష్టమని మా అమ్మ అడిగితే చిన్నమ్మ చెప్పిన జవాబు నాకు గుర్తుంది.

"మొగోళ్లు పోతా ఉండారు, సరే. మా లైన్‌లో ఆడోళ్లు మాత్రం ఆ ట్రైన్ ఎక్కకూడదక్కా. నాకు కావాల్సింది ఇంగ అంతే."

ఆ పంతం నిలబడుతుందని అందరికీ నమ్మకం కుదిరిన సమయం అది. బెంగళూరులో ఒక పెద్ద అంగడివాళ్లు ఊరగాయ రుచి చూసి, ప్లాస్టిక్ డబ్బాలు కాకుండా గాజు సీసాలకు గట్టి మూతలు బిగించి పంపితే ఎప్పుడూ తీసుకుంటామన్నారు. మొదటి సరుకు చూసి మిగతాది తేలుస్తామని కూడా అన్నారు. సరిగ్గా అప్పుడే మూతల సారు నా గిన్నెలో వేలు పెట్టాడు. మరుసటి రోజే కేజీఎఫ్‌కు వెళ్లి, ఆ క్లబ్బు గదిలో కుర్చీ వేయించుకుని కూర్చుని, మూత చావకూడదని ఆడవాళ్లందరికీ చెప్పి వచ్చాడు. అదేదో పెద్ద చదువు మాట అనుకుని వాళ్లు ఆయన మూతలే తీసుకుంటామని ఒప్పుకుని, బజ్జీలు చేసి పెట్టారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆ మూతల లోపలి వైపు లేత బంగారు రంగులో పల్చటి పూత ఉంటుంది. లాకరు అంటారు. ఉప్పూ పులుపూ రేకును తినేయకుండా ఆపేది ఆ పూతే. కొలిమిలో పడితే కాలిపోతుంది కాబట్టి దానితో సారుకు పేచీ లేదు. పూత గురించి ఆడవాళ్లకు చెప్పారా అని నేను అడిగాను. అదంతా నేను చూసుకుంటా పోప్పా అన్నాడు. మూతలు గోనెసంచుల్లో కేజీఎఫ్‌కు వెళ్లిన రోజు నన్ను మూతలు నొక్కే అచ్చు బాగు చేయించుకు రమ్మని హోసూరు పంపాడు.

మా ఇళ్లలో కొత్త పాత్ర కొంటే చింతపండు, ఇటుకపొడి వేసి తోమనిదే అందులో ఏదీ వండరు. ఫ్యాక్టరీ నూనె అంటుకుని ఉంటుందని, ఎవరెవరి చేతులు తగిలాయోనని. పసుపుపచ్చగా ఏదైనా కనిపిస్తే అది వదిలేదాకా చేతులు ఆగవు. ఊరగాయ సంగతి వేరే చెప్పాలా? కాస్త మురికి తగిలితే బూజు పడుతుందని భయపడి చస్తారు. చిన్నమ్మ సంచి విప్పి, ఒక మూత తీసి లోపల చూసి, ఇదేందో నూనె మరక మాదిరి ఉండాదే అంది. చింతపండు నానబెట్టించి, ఇటుకపొడి తెప్పించింది. క్లబ్బు వెనక కుళాయి దగ్గర ఆడవాళ్లంతా వరసగా కూర్చుని, కొబ్బరి పీచుతో మూతలన్నిటినీ తోమి, కడిగి, తెల్ల పంచె మీద ఎండలో ఆరబెట్టారు. లోపలా బయటా వెండిలా తెల్లగా వచ్చాయని మురిసిపోయారు. కుళాయి ఉన్నా నీళ్లు రాని ఊళ్లో ట్యాంకరు నీళ్లు దాచుకుని మరీ కడిగారు.

మధ్యాహ్నం మూతల సారు పేపరు విలేఖరిని వెంటబెట్టుకుని దిగాడు. ఫోటోలు తీశారు. మరునాడు పేపర్లో వచ్చింది. మధ్యలో సారు, ఎత్తి పట్టుకున్న చేతిలో తళతళ మెరిసే మూత. వెనక ఆడవాళ్లు, సగం సగం మొహాలతో. చిన్నమ్మది ఒక చెవీ కమ్మా పడ్డాయి. ఆ ముక్కను కత్తిరించి ఆమె దేవుడి పటాల పక్కన అంటించుకుంది.

నెల తిరిగేలోపల సరుకంతా వెనక్కి వచ్చింది. పూత లేని రేకును ఉప్పూ పులుపూ కలిసి తినేశాయి. మూతలకు తుప్పు పట్టి, సూది బెజ్జాలు పడి, నూనె కారి, సీసా మూతి చుట్టూ నల్లటి జిగురు కట్టింది. అంగడివాళ్లు ఇంకెప్పుడూ మీ సరుకు వద్దన్నారు. ఆ ఊరగాయనంతా క్లబ్బు వెనక గొయ్యి తీసి పూడ్చిపెట్టారు. ఆ రోజు ఆ లైన్లో వీచిన వాసన చావు ఇంటి వాసన కన్నా నాకు ఘోరంగా అనిపించింది.

ఏం జరిగిందో తేల్చడానికి సారు వచ్చాడు. కుళాయి, చింతపండు, ఇటుకపొడి అన్నీ విని నెత్తి కొట్టుకున్నాడు. నేను వచ్చేసరికే తోమేసినారప్పా, నేనేం చేసేది అన్నాడు. పూత సంగతి ముందే చెప్పినానన్నాడు. చెప్పలేదని ఆడవాళ్లన్నారు. చదువుకున్నాయన మాటే నిలిచింది. అందరూ తిరిగి చూస్తే, తోమమన్నది ఎవరు? చిన్నమ్మ. తప్పు అక్కడికి వచ్చి ఆగింది. ఆమె కూడా దాన్ని కాదనలేదు.

పని ఆగిపోయింది. ఒక్కొక్కరే గార్మెంటు ఫ్యాక్టరీల్లో చేరారు. చివరికి చిన్నమ్మ కూడా చేరింది. ఏ ట్రైను ఆడవాళ్లు ఎక్కకూడదని పంతం పట్టిందో ఆ ట్రైనులోనే, పంతం చెడగొట్టుకున్న మనిషిగా వెళ్లేది. ఎదురింటి ఆమె చిన్నమ్మకు చెల్లెలికన్నా ఎక్కువ. మొదట్నుంచీ ఇద్దరూ కలిసి కాయ కోసినవాళ్లు. ఆమె చిన్నమ్మతో మాట మానేసింది. ఇద్దరూ ఒకే ట్రైనుకు వెళ్లేవాళ్లు, కానీ చిన్నమ్మ ఎక్కిన బోగీ చూసుకుని ఆమె ఇంకో బోగీ ఎక్కేది. మా ఇంటికి వస్తే చిన్నమ్మ అంట్ల దగ్గర కూర్చుని, స్టీలు గ్లాసు పట్టుకుని కూడా, ఇది తోమొచ్చునా అని మా అమ్మను అడిగేది.

మూతల సారు మాత్రం హాయిగా ఉన్నాడు. ఒక సభలో ఆయనకు శాలువా కప్పారు. ఎంత మంచి డిజైను చేసినా వాడేవాళ్లకు అవగాహన లేకపోతే ఏం లాభమని అరగంట మాట్లాడాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత చేసిన మూతల లోపల తోమవద్దని అచ్చు వేయించాడు, ఇంగ్లీషులో. తెలుగూ కన్నడా తమిళమూ తప్ప రాని ఆడవాళ్ల కోసం. అది కూడా నన్నే గీయమన్నాడు. నేను పెన్సిలు బల్లమీద పెట్టేసి వచ్చేశాను, మళ్లీ ఆ షెడ్డు వైపు పోలేదు.

ఏళ్లు గడిచాయి. ఒక సాయంత్రం చిన్నమ్మ ట్రైను దిగి, తన ఇంటికి పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా గడపలో కూర్చుంది. మంచినీళ్లు తాగి, నిదానంగా చెప్పింది.

పొద్దున ట్రైనులో ఎదురు సీట్లో ఒకామె టిఫిను విప్పి, చిన్న ఊరగాయ సీసా మూత తిప్పిందట. పక్కన కూర్చున్న పెద్దమనిషి చెయ్యి చాచి ఆ మూత అందుకుని, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడట. చిన్నమ్మ వెంటనే గుర్తుపట్టింది. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె చేతిలో ఏ మూతా లేదు కదా. ఆయన అక్కడున్న వాళ్లందరికీ గాడి గురించి, రింగు గురించి, మళ్లీ పుట్టడం గురించి చెప్పుకుంటూ పోయి, నవ్వు తెప్పించే కథ ఒకటి చెప్తానని మొదలుపెట్టాడట. కేజీఎఫ్‌లో కొంతమంది ఆడవాళ్లు తన మూతల్ని చింతపండేసి తోమిన కథ. వింటున్నవాళ్లు నవ్వారు. వాళ్లు ఇంకా నవ్వాలని ఆయన ఇంకాస్త చెప్పాడు. చిన్నమ్మ ఆ మాటల్ని ఒక్కటీ వదలకుండా మాకు అప్పజెప్పింది.

"నేను పొద్దున్నే పోయినా. క్లబ్బు వెనక గోడకాడ నిలబడి చూస్తానే ఉండా. వరసగా కూర్చొని తోమతా ఉండారు. ఆపుదామనే అనుకున్నా. మధ్యాన్నం పేపరాయన కెమెరా తెస్తా ఉండాడు. పచ్చగా ఉంటే ఫోటోలో మురికి మాదిరి కనపడతాది, తెల్లగా మెరిస్తే బాగుంటాదని ఊరికే వచ్చేసినా."

చిన్నమ్మ అప్పుడు నోరు విప్పిందట. మీరు కండ్లారా చూసినారా సార్ అని అడిగింది.

"చూడకుండా ఎట్లమ్మా? నా మూతలు గదా."

ఆ ఆడవాళ్లు ఏమైనారు సార్ అని అడిగింది. ఏమో, యాడో ఒకచోట పని చేసుకుంటా ఉంటారు అన్నాడట. అని, ఆ టిఫినామె మూతను జేబులో వేసుకుని, తాను దిగాల్సిన స్టేషను రాగానే దిగిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు కోలారు వెళ్లి ఆయన గల్లా పట్టుకోవాలనిపించింది. లేచి చొక్కా వేసుకున్నాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆయన సంగతి ఆమెకు పట్టలేదు. మా అమ్మ మొహం, నా మొహం మార్చి మార్చి చూస్తూ ఉంది.

"నేను కాదంట గదా నాయనా. ఆయప్ప చూసినాడంట. ఒక్క మాట అనుంటే మేము ఆపేసుండేవాళ్లం గదా. నేను కాదంట."

నువ్వు కాదు చిన్నమ్మా అన్నాను. ఇంకోసారి చెప్పు అంది. ఇంకోసారి చెప్పాను. అప్పుడు ఏడ్చింది. పని పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు.

ఆ ఆదివారం నన్ను తోడు తీసుకుని, అప్పుడు ఊరగాయ పని చేసిన ఆడవాళ్ల ఇళ్లకు బయలుదేరింది. ఒక ఇంటికి తాళం ఉంది, వాళ్లు హోసూరు వెళ్లిపోయారన్నారు. ఇంకో ఇంట్లో ఆమె పోయి చాలా కాలమైంది. కోడలు బయటికి వచ్చి, ఏం కావాలని అడిగింది. చిన్నమ్మ ఆ కోడలికే మొదటి నుంచి చెప్పింది. ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థమై ఉండదు, తలూపుతూ విన్నది. మిగతా ఇళ్లలోనూ అంతే, ఎవరు తలుపు తీస్తే వాళ్లకు చెప్పింది. కొందరు అయ్యో అన్నారు, కొందరు కాఫీ ఇచ్చారు. ఎదురిల్లు మాత్రం ఆఖరుకు పెట్టుకుంది.

ఎదురింటామె మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. రోజంతా మిషను ముందు కూర్చుని కుట్టే పని వల్ల ఆమె కాళ్లు నీరు పట్టి ఉన్నాయి. మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది, పొమ్మని మాత్రం అనలేదు. చిన్నమ్మ గడప లోపలికి అడుగు పెట్టకుండా, నిలబడే చెప్పింది. గోడ, కెమెరా, ఫోటో, అన్నీ. ఎదురింటామె అడ్డు చెప్పకుండా విన్నది.

"చూసినాడంటనా?" అంది.

"చూసినాడంట."

ఎదురింటామె కాళ్లు కిందికి దించి, మంచం మీద కాస్త పక్కకు జరిగింది.

"సరేలే, వచ్చి కూర్చోక్కా. రేపు నా బోగీలోకి రా. సీటు పట్టి పెడతా."